పక్కసీటాయన విప్పిన పిడికిలి

నా భార్య మెదడు స్కానింగ్ ఫిల్ములు ప్రొద్దుటూరులో డాక్టరుకు చూపించి జమ్మలమడుగు బస్సెక్కాను. మెదడులో రక్తనాళం చిట్లి ఆమె కుడిచేయి పడిపోయింది. చేతిని ఆడించే దారి ఆ రక్తపు గడ్డ దగ్గరే తెగిపోయిందనీ, ఇక చేయి రాదనీ డాక్టరు ఫిల్ములో చూపించి మరీ చెప్పాడు.

పక్కసీటు పెద్దాయన అడక్కుండానే నా ఒళ్ళోని కవరులోంచి ఫిల్ము లాగి కిటికీ వెలుతురుకు పట్టాడు.

"ఎవురికి పచ్చవాతం?"

"ఏంది చూస్తాండావు? ఇట్లియ్యి. నీకెందుకప్పా?" అని లాక్కున్నాను.

"చెయ్యి రాదన్న్యారా?"

"నువ్వేమన్నా డాక్టరువా?"

"కాదు. మాయమ్మకూ ఇట్లే ఫోటో తీసి రాదన్న్యారు. రాని చేతికి ఇంకేం చేసేదని మేం దాన్ని ముట్టుకోల్యా."

"నోరు మూసుకోని కూచో" అన్నాను. కొట్టేవాణ్ణే. ఆయన బిగిసిన నా పిడికిలి పట్టుకుని, నొప్పి పుట్టేలా ఒక్కో వేలూ విప్పాడు.

"మాయమ్మ చెయ్యి ఇట్ల బిగుసుకపాయ. గోర్లు అరచేతిలో దిగి పుండ్లు పడె. కడుగుదామంటే విప్పేదానికి కాల్యా. రాని చేతిని గూడా దినామూ విప్పాల. మాకెవురూ చెప్పల్యా."

నేను మొహం తిప్పుకున్నాను. ఆయన ఎక్కడ దిగాడో కూడా చూడలేదు.

డాక్టరు చెప్పినట్టే నా భార్య చేయి రాలేదు. రోజూ పొద్దున ఆ వేళ్ళు విప్పి అరచేయి కడుగుతాను. కడుగుతున్నంతసేపూ, పేరైనా తెలియని ఆ మనిషిని తిట్టుకుంటూనే ఉంటాను.