గంగమ్మకి పెట్టిన చీవాట్లు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ప్రపంచంలో ఉండేది కాదు. పోర్ట్‌బ్లెయిర్‌కి ఎదురొడ్డున, బాంబూఫ్లాట్‌లో ఒక చిన్న బళ్ళో సైన్సు టీచర్ని మరి! ఆ సంగతి నా నడక చూసే చెప్పెయ్యొచ్చు. పురాణాలన్నీ కట్టుకథలనీ, దేవుళ్ళందరూ మనిషి భయంలోంచి పుట్టినవాళ్ళేననీ మా ఇంట్లో రోజూ ప్రకటించేదాన్ని. వినేవాళ్ళు ముగ్గురు. చేపల వేట తప్ప ఇంకో పని ఎరగని నాన్న, నాన్నని కన్న మా మామ్మ, ఇంకా అమ్మ (ఆవిడ నేనేం చెప్పినా "బియ్యం అయిపోయాయి" అనే జవాబిచ్చేది). మామ్మ శ్రీకాకుళం ఒడ్డున పుట్టి, పెళ్ళయ్యాక ఓడెక్కి ఈ దీవులకొచ్చిన మనిషి. ఆవిడ లెక్కలో సముద్రమంటే ఉప్పునీళ్ళు కాదు, గంగమ్మ, మా ఇంటి ఆడపడుచు. ఏటా ఆవిడకి పుట్టింటి సారె పెట్టాలి. చీర, గాజులు, పసుపు కుంకుమ, చలిమిడి. అది ఒడ్డున పెట్టి వచ్చేస్తే చెల్లదు. తోడబుట్టినవాడి హోదాలో నాన్నే డుంగీ మీద (మా దీవుల్లో చిన్న పడవని అలాగే అంటాం) అలలు దాటి వెళ్ళి ఇచ్చి రావాలి. "మరి పసిఫిక్ సముద్రానికి ఎవరు పెడతారే సారె?" అని నేను ఏడిపిస్తే, "ఆళ్ళ పుట్టింటోళ్ళు ఆళ్ళకుంటార్లే, నీకెందుకే గుంటా?" అని నోరు మూయించేది.

అలాంటి ఇంటిమీదికి సునామీ వచ్చింది. ఆదివారం పొద్దున్న నేల ఊగింది. అందరం వీధిలోకి ఉరికాం. సముద్రం పొంగుతోందని ఎవరో "భాగో, భాగో!" అని అరిచేసరికి మామ్మని రెక్క పుచ్చుకుని కొండెక్కాం. పైనుంచి చూస్తే మా ఇంట్లోంచి సామానంతా తేలుతూ వెళ్ళిపోతోంది. ఇల్లు పోయింది, డుంగీ పోయింది. మేం నలుగురం మాత్రం మిగిలాం. ఎందరో మిగల్లేదు. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది. ఎవరికి జోడించాలో అప్పుడు తెలీలేదు, ఇప్పుడూ గట్టిగా చెప్పలేను.

శిబిరంలో కొన్నాళ్ళుండి, తరవాత కొండవాలున ఒక అద్దెగదిలోకి చేరాం. సాయం చేసేవాళ్ళు నాన్నకి కొత్త డుంగీ ఒకటి ఇచ్చారు. నీలం రంగు, ముచ్చటగా ఉంది. నాన్న దాని మొహం చూడలేదు. అసలు సముద్రం వైపే చూడడం మానేశాడు. కిటికీకి వీపు పెట్టి కూర్చుని, చిరుగన్నది లేని వలని ఊరికే విప్పడం, మళ్ళీ అల్లడం. తోటివాళ్ళు వచ్చి "చలో భయ్యా, యాటకెళ్దాం" అంటే "రేపు చూద్దాం" అనేవాడు. మాట తగ్గింది, తిండి తగ్గింది. నా చిన్న జీతంతో ఇల్లు ఎలాగో గడిచేది గానీ, ఈ మనిషి ఇలాగే ఆరిపోతాడేమోనని భయం పట్టుకుంది నాకు.

సరే, భయానికి మందు జ్ఞానమే కదా అని సైన్సు టీచరు రంగంలోకి దిగింది. ఒక మధ్యాహ్నం నాన్న కంచంలోంచి రెండు రొట్టెలు తీసి పాఠం మొదలుపెట్టాను. "ఇదిగో నాన్నా, భూమి పైపొర అంతా పలకలు పలకలుగా ఉంటుంది. ఇది ఇండియా పలక, ఇది బర్మా పలక. ఇండియాది బర్మా కిందికి ఇలా దూరుతోంది. పట్టేసి, పట్టేసి, ఒక్కసారి జారిందనుకో, భూకంపం! ఇందులో ఎవరి కోపమూ లేదు, శాపమూ లేదు."

నాన్న రొట్టెల మీదికి వంగాడు. "మనం ఎక్కడున్నాం ఇందులో?"

"ఇదిగో, ఈ అంచు మీద!" అన్నాను హుషారుగా.

"మళ్ళీ జారుతుందా?"

"జారకుండా ఎలా ఉంటుంది? లక్షల ఏళ్ళ నుంచి జరుగుతున్నదే. ఎప్పుడనేది మాత్రం ఎవరూ చెప్పలేరు!"

నాన్న ఆ రొట్టెలు ముట్టుకోకుండా లేచిపోయాడు. అప్పటిదాకా ఆయన భయపడింది ఒక్క సముద్రానికే. నా పాఠం పుణ్యమా అని ఆ రోజు నుంచి నేలకి కూడా భయపడ్డం మొదలుపెట్టాడు. మంచం గుమ్మం దగ్గరికి జరుపుకున్నాడు.

మామ్మ నా మీద విరుచుకుపడింది. "ఒలే టీచరమ్మా! నీ రొట్టెకి సెవులున్నాయేటే? తప్పు సేసిందని తిడితే ఇంటాదా? బతిమాల్తే ఆగుతాదా? ఎవులితోనూ సెప్పుకోడానికి నేకపోతే మనిషెలాగ బతుకుతాడే?"

సారె పెట్టే రోజు వచ్చింది. ఈసారి ముందు చీవాట్లు, తరవాతే సారె అని తేల్చేసింది మామ్మ. తల్లి మాట కాదనలేక నాన్న ఒడ్డు దాకా వచ్చాడు గానీ, తడి ఇసక ముందు కాళ్ళు పాతేసినట్టు ఆగిపోయాడు. మామ్మ కొంగు బిగించి మొదలెట్టింది.

"ఒలే గంగా! సిగ్గు నేదేటే నీకు? పుట్టింటికొచ్చినదానివి గుమ్మం కాడ ఆగాల! వంటింట్లోకెవులు రమ్మన్నారే? నా రుబ్బురోలు ఎక్కడెట్టినావే?" అలా తిట్టి తిట్టి ఆయాసమొచ్చి, "ఇంక నువ్వు తిట్టు" అని నన్ను ముందుకి తోసింది.

నేనా? బీయస్సీ చదివినదాన్ని! చుట్టూ చూసుకుని, గొంతు సవరించుకుని, "అమ్మా గంగమ్మా, మీరు చేసిన పని ఏమీ బాగాలేదండీ" అన్నాను.

"గారు కూడా తగిలించు!" అని కసిరింది మామ్మ.

ఏమైందో తెలీదు, ఆ కసురుకి నాలో ఏదో తెగింది. "ఏమే! ఇల్లు పట్టుకుపోతే పట్టుకుపోయావు, మా నాన్నని ఎందుకే ఇలా చేశావు? నీ చేతుల్లో పెరిగిన మనిషి కదే! మా నాన్న మాకు కావాలే! ఇచ్చెయ్యవే!" అని కేకలు పెడుతూ, ఏడుస్తూ, మోకాలి లోతు నీళ్ళలోకి వెళ్ళిపోయి చేతులతో అలల్ని బాదేస్తున్నాను. (పలకలూ, రొట్టెలూ ఒక్కటి గుర్తొస్తే ఒట్టు!)

వెనకనుంచి ఎవరో నా భుజం పట్టుకున్నారు. నాన్న! నడుం దాకా తడిసి ఉన్నాడు.

"బస్, చాల్లే అమ్మా. ఆడకూతుర్ని ఎంతని తిడతారు మీరిద్దరూ?" అన్నాడు. "పాపం, ఒక్క మాట కూడా తిరిగి అనలేదు అది. ఇలా ఇయ్యి ఆ సారె."

మేం నోళ్ళు తెరుచుకుని చూస్తుండగా, అన్నాళ్ళూ ఒడ్డునే పడున్న నీలం డుంగీ తోసుకుని అలలు దాటి వెళ్ళాడు. చీర నీళ్ళలో వదిలి, వంగి ఏదో చాలాసేపు చెప్పి వచ్చాడు. ఏం చెప్పావంటే "అది మా ఇద్దరి మధ్య మాట" అన్నాడు. మర్నాటి నుంచి వేటకి వెళ్ళాడు, ముసలివాడయ్యేదాకా వెళ్తూనే ఉన్నాడు.

ఇప్పుడు మామ్మా లేదు, నాన్నా లేడు. పురాణాల్లో నిజముందా అని పిల్లలు అడిగితే, పలకల పాఠం చెప్తాను, అది నిజం కాబట్టి. మా నాన్నని మాకు తిరిగిచ్చింది మాత్రం ఆ పాఠం కాదు, అదీ నిజమే. నా ఉద్యోగం పోర్ట్‌బ్లెయిర్‌కి మారింది, రోజూ ఫెర్రీలో రాకపోకలు. మొన్న సాయంత్రం రెయిలింగ్ పట్టుకుని నీళ్ళవైపు వంగి, "ఏమే, బాగున్నావా? ఎండలు మండిపోతున్నాయి కదే" అంటుంటే, పక్కనున్న కుర్ర టీచరు ఎవరున్నారా అని నీళ్ళలోకి తొంగి చూసి, "దీదీ, కిస్సే బాత్ కర్ రహీ హో?" అని అడిగింది.

"మా మేనత్తతో" అన్నాను.