క్రమసంఖ్య 3117

వీధిలో అందరికీ ఆమె ఫోనమ్మ. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఇరవయ్యారేళ్ళు లైన్లు కలిపి, చివరికి ఎక్స్‌ఛేంజినే ఎత్తేస్తే ఇంటికొచ్చింది. ఎవరి పెళ్ళి ఎందుకు తప్పిందో, ఏ అన్నదమ్ములకు ఎక్కడ చెడిందో అన్నీ ఆమె చెవిన పడ్డాయి. ఒక్కటీ పెదవి దాటలేదు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని వాషింగ్ మెషీన్ల కంపెనీకి ఫిర్యాదులు చూస్తోందని వీధి నమ్మకం. నమ్మించింది ఆమే. ఆ పాపానికి వారానికి ఇద్దరైనా వచ్చి, "మా మెషీను నీళ్ళు వదలడం లేదండీ" అని కుర్చీ లాక్కుని కూర్చునేవారు. ఆడిన అబద్ధం నిలబెట్టుకోడానికి ఆమె ఆ మరమ్మతు నిజంగానే నేర్చుకోవలసి వచ్చింది.

అసలు పని వేరు. ప్రభుత్వం మూసేసిన వెబ్‌సైట్లను, ఎవరు చూస్తున్నారో బయటికి పొక్కకుండా చూపించే బ్రౌజర్ ఒకటి ఉంది. అది తెరుచుకోక అవస్థపడేవాళ్ళు మెసేజ్ పెడితే ఆమె జవాబిస్తుంది. ఆ బ్రౌజర్ తయారుచేసినవాళ్ళు పంపిన సహాయ పుస్తకం 'మీ సంధానతను వంతెన ద్వారా ఆకృతీకరించుకొనుడు' అని మొదలవుతుంది. అది చదివి బాగుపడినవాడు ఆమెకింకా తగల్లేదు. అందుకని ఆమె తన మాటల్లో రాస్తుంది: 'వీధి గుమ్మం దగ్గర కాపలా ఉంది కదండీ. పెరటి దారి ఒకటి పంపిస్తాను. దాన్ని బ్రిడ్జి అంటారు. కాపలావాడి జాబితాలోకి ఇంకా ఎక్కలేదు.' చూపులేనివాళ్ళు రాస్తే, ఫోను పైకి చదివినప్పుడు అర్థమయ్యేలా, బొమ్మలు లేకుండా, ఒక్కో మెట్టూ విడిగా పంపుతుంది.

ఆమె అడిగేవి మూడే. ఫోనా, కంప్యూటరా? తెర మీద ఏమని వస్తోంది? ఎప్పట్నుంచి? పేరు, ఊరు, ఎందుకు అన్నవి అడగదు. పని కాగానే సంభాషణ మొత్తం చెరిపేస్తుంది. 'దయచేసి పేరు చెప్పకండి' అన్నది ఆమె మొదటి జవాబు. 'అలాగేనండీ' అని రాసి, కింద పేరూ ఇంటి నంబరూ వేసేవాళ్ళే ఎక్కువ.

వెబ్‌సైట్లు మూసే శాఖలో సూపరింటెండెంటు స్వయానా ఆమె చెల్లెలి మొగుడు. చెడ్డవాడని ఆయనకు పేరు లేదు. ఆ మాటకొస్తే ఏ పేరూ లేదు. జాబితా పైనుంచి వస్తుంది, కింద ఆయన సంతకం పెడతాడు, మధ్యలో ఏముందో తొంగిచూడడం మర్యాద కాదని ఆయన అభిప్రాయం. ఆదివారాలు ఫోనమ్మ ఇంటికి భోజనానికి వచ్చి లెక్కలు చెప్పేవాడు.

"ఈ నెల నాలుగు వేల రెండొందలు మూశాం వదినా."

"తెరిచినవెన్ని?"

"తెరిచే సెక్షను మాకు లేదండీ." ఆయన జాలిగా చూశాడు. "పొరపాటున మూతపడితే అర్జీ పెట్టుకోవచ్చు. దానికో వెబ్‌సైట్ ఉంది."

"అది తెరుచుకుంటోందా మరి?"

"దాన్ని పోయిన్నెల్లోనే..." అని ఆగి, మంచినీళ్ళు తాగాడు.

"ముద్ద దిగనివ్వవే అక్కా," అంది చెల్లెలు.

ఆ తర్వాతి మంగళవారం పదకొండింటికి ఒక మెసేజ్ వచ్చింది.

'గౌరవనీయులైన సహాయక విభాగం వారికి విన్నవించుకొనునది ఏమనగా' అని ఎత్తుకుని, పేరు, తండ్రి పేరు, హోదా, ఉద్యోగి సంఖ్య, కార్యాలయపు చిరునామా వరసగా ఉన్నాయి. దాని కింద: 'సూచిక: మా కార్యాలయ నిషేధ జాబితా, క్రమసంఖ్య 3117.' జాబితాలో 3117 దగ్గర ఉన్నది ఆమెకు మెసేజ్‌లు వచ్చే చిరునామాయే. రాసింది మరిది. పేరు చెప్పకండి అనే వ్యవధి కూడా ఇవ్వలేదు.

భార్య మెడలో గడ్డ ఉంది. ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు ఆస్పత్రి వెబ్‌సైట్‌లోనే పెడతారు, కాగితం ఇవ్వరు. వెబ్‌సైట్ తెరుచుకోవడం లేదు. రేపు పదింటికి డాక్టరు చూస్తాడు. రిపోర్టు లేనిదే ఆపరేషన్‌కు తేదీ ఇవ్వడు. రేపు తప్పితే మళ్ళీ ఆరు వారాలదాకా ఖాళీ లేదు. ఎక్కడో ఒక పత్రికను మూయబోయి, దానితోపాటు అదే సర్వరులో ఉన్న ఆరొందల వెబ్‌సైట్లనూ, ఆస్పత్రిదాంతో సహా, మూసేశారు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టు. ఇదంతా రాసి చివర, ఏ దాపరికమూ లేకుండా, 'సదరు ఉత్తర్వుపై సంతకము చేసినవారు: ఈ అర్జీదారు' అని చేర్చాడు.

చెల్లెలు ఆమెకు ఒక్క మాటా చెప్పలేదు.

మూసేసే శాఖవాళ్ళు రాస్తే జవాబివ్వకుండా చెరిపెయ్యాలని బ్రౌజర్‌వాళ్ళు ఆమెకు పెట్టిన నియమం. ఇంతకుముందు ఈ పని చేసినాయన అలాంటి ఎరకే చిక్కి ఏడు నెలలు జైల్లో ఉన్నాడు. మరిది అమాయకుడే కావచ్చు, ఆయనచేత రాయించినవాళ్ళు కాకపోవచ్చు. ఆమె చెల్లెలికి ఫోను చేసింది.

"ఏం చేస్తున్నావే?"

"బట్టలు మడతపెడుతున్నా. పనివేళలో చేశావేంటక్కా?"

"ఊరికేనే. రేపు పొద్దున వస్తావేమోనని."

"రేపు కుదరదు. పదింటికి ఆయనతో బయటికెళ్ళాలి."

"ఎక్కడికి?"

కాసేపు ఏమీ వినపడలేదు. "కుర్చీలు చూడ్డానికి," అంది చెల్లెలు.

లైనులో పలికే మాట కంటే ఆగిన మాటను ఎక్కువ విన్న మనిషి ఆమె. "గట్టివి చూసుకోండి," అని పెట్టేసింది. పెట్టేసి, నియమాన్ని పక్కకు నెట్టి, మరిదికి జవాబు రాసింది.

'ఆఫీసు కంప్యూటరు నుంచి రాయకండి. ఇంటికెళ్ళి మీ సొంత ఫోను నుంచి రాయండి.'

'అర్ధరోజు సెలవు పెట్టవలెనా, పర్మిషన్ సరిపోవునా?'

'మీ ఇష్టం.'

'కారణము ఏమని చూపవలెను?'

ఆమె పళ్ళు కొరుక్కుంది. 'కడుపునొప్పి.'

రెండింటికి ఇంటి నుంచి రాశాడు. బ్రౌజర్ ఎక్కించుకోవడానికి గంట పట్టింది. ప్రతి 'సరే' నొక్కేముందూ 'నొక్కవచ్చునా' అని అడిగాడు. ఆమె బ్రిడ్జి పంపింది.

'దీనికి అనుమతి ఉన్నదా?'

'లేదు.'

'మా జాబితాలో ఉన్నదా?'

'ఇంకా లేదు.'

'నా దృష్టికి వచ్చినందున చేర్చవలసి యుండును.'

'ముందు రిపోర్టు చూడండి.'

మూడూ ఇరవైకి తెరుచుకుంది. వెంటనే ఒక ఫైలు వచ్చిపడింది. 'రిపోర్టు తమ పరిశీలనార్థము జతపరచడమైనది.'

ఒక్కసారి నొక్కితే చెల్లెలి సంగతి తెలుస్తుంది. వేలు దాని మీదికి వెళ్ళింది కూడా. చెల్లెలు నోరు విప్పనిది, మొగుడి చేతకానితనం వల్ల తన ఒళ్ళో వచ్చిపడిందని చదవడం ఆమెకు సయించలేదు. తెరవకుండానే చెరిపేసింది.

'ఇలాంటివి ఎవరికీ పంపకండి. డాక్టరుకు చూపించండి, చాలు. మీ ఫోనులో కూడా ఈ సంభాషణ చెరిపేయండి.'

'తమ పేరు, హోదా తెలియజేసినచో కృతజ్ఞతా పత్రము పంపగలము.'

ఆమె సంభాషణ మొత్తం చెరిపేసింది. ఆ తర్వాత రాసిన మనిషికి ఫోను మెట్లు చెప్పాల్సింది కంప్యూటరు మెట్లు చెప్పి, రెండుసార్లు క్షమాపణ కోరింది.

బుధవారమంతా చెల్లెలి దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. గురువారం సాయంత్రం మొగుడితో కలిసి వచ్చి, కూర్చోకముందే చెప్పేసింది. గడ్డ చెడ్డదేనట, ముందే దొరికిందట, వచ్చే సోమవారం ఆపరేషనట. ఫోనమ్మ చెల్లెలి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"నువ్వు కంగారుపడతావని చెప్పలేదక్కా. రిపోర్టు వెబ్‌సైట్ మూతపడితే ఈయనే తెరిపించారు. ఆఫీసులో ఈయన మాటంటే మాటే."

మరిది వినయంగా ఫ్యానుకేసి చూశాడు.

"ఎవర్ని పట్టుకున్నారేంటి మరిదిగారూ?"

"పైవాళ్ళతో మాట్లాడాను వదినా." గొంతు సవరించుకుని, సంచీలోంచి ఒక కాగితం తీశాడు. "అన్నట్టు, దొంగదారి ఒకటి నా దృష్టికొచ్చింది. దీన్ని జాబితాలో చేర్చి రేపు పైకి పంపాలి. ఇలాంటివి ఉంచితే దేశానికి ప్రమాదం."

ఫోనమ్మ చెల్లెలి వైపు తిరిగింది. "ఆపరేషన్ అయ్యాక మళ్ళీ పరీక్షలుంటాయా?"

"మూడు వారాలకోటి. ఆర్నెల్లు. అన్నీ ఆ వెబ్‌సైట్‌లోనే పెడతారట."

మరిది కాగితం మళ్ళీ చదువుకున్నాడు. కలం తీశాడు, మూత పెట్టాడు, మళ్ళీ తీశాడు. చివరికి అంచున గుండ్రటి అక్షరాలతో రాశాడు: 'మరింత పరిశీలన అవసరము. ఆరు నెలల పిదప సమర్పించవలెను.' కింద సంతకం, తేదీ.

"ఇలాంటివి తొందరపడి చేసేవి కావు వదినా."

"మీరు ముందుచూపున్నవారు," అంది ఫోనమ్మ.

వాళ్ళు వెళ్ళగానే ఆమె పనిలో కూర్చుంది. ఆనాటి నుంచి అడిగినవాళ్ళందరికీ ఆ బ్రిడ్జినే పంపింది.