కండక్టర్ కాక చాయ్

మా కండక్టర్ కాక పోయాడు. మంగళవారం పొద్దున నా షాపులో ఒక రైతు మోటారుకు రాగితీగ చుడుతుంటే కాక భార్య, నేను చిన్నమ్మ అని పిలిచే ఆమె, ఫోన్ చేసింది. "బిడ్డా, మీ కాక లేస్తలేడు" అంది. నిద్రలోనే ప్రాణం పోయింది. ఫోన్ పెట్టేశాక కూడా సగంలో ఉన్న చుట్టు పూర్తిచేసే లేచాను.

ఆయన నాకు చుట్టం కాదు. సిద్దిపేటలో మా సందులోనే మూడిళ్ళ అవతల ఉండేవాడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఎవరైనా మాట మొదలుపెట్టి మధ్యలో తడబడితే "రైట్ రైట్" అనడం మాత్రం మానలేదు.

నాలుగేళ్ళ కింద పొద్దున్నే ఒక క్వార్టర్ మందు పడితే గాని నా వేళ్ళు తీగను పట్టేవి కావు. నారాయణరావుపేట రైతు మోటారు నేను చుట్టిచ్చిన వారానికే కాలిపోయింది. పొలం ఎండిపోతోందని అతను షాపు ముందు నిలబడి తిట్టిపోశాడు. కాక ఎదురుగా నిలబడి అంతా విన్నాడు. మర్నాడు వచ్చాడు.

"ఐతారం పదింటికి బడి ఎన్క గదిల మీటింగ్ ఉంటది. తాగుడు మానాలనుకునేటోళ్ళు కూసుంటరు. నేను గాడ్నే ఉంట" అన్నాడు. పెద్దమనిషి రిటైరై పొద్దుపోక సంఘసేవ చేస్తున్నాడనుకున్నాను.

ఆదివారం వెళ్ళాను. ఎవరి కంటా పడకూడదని బండిని రెండు సందుల అవతల ఒక కిరాణాకొట్టు ముందు దాచాను. బడి గేటు ముందు నుంచి మూడుసార్లు అటూ ఇటూ నడిచాను. కాక గుమ్మంలోనే ఉన్నాడు, చూశాడు, కానీ పిలవలేదు. పిలిస్తే పారిపోతానని ఆయనకు తెలుసు. నాలుగోసారి వెళ్తుంటే చాయ్ గ్లాసుతో గేటు దాకా వచ్చాడు.

"మీటింగ్‌కు రాకున్నా మంచిదే. చాయ్ తాగిపో."

అది చాయ్ కాదు, పాకం. మందు మానినవాడికి నోరు తీపి కోరుతుందని డబుల్ చక్కెర వేసేవాడు. ఆయన కెటిల్ ఎక్కడ పెడితే అక్కడికి చీమలు బారులు తీరేవి. "మనకంటే ముందు ఇవే వస్తయి కాకా" అని తర్వాత్తర్వాత మేమంతా ఏడిపించేవాళ్ళం.

గ్లాసు ఖాళీ అయ్యేసరికి గదిలో కుర్చీలో ఉన్నాను. పదిమంది ఉన్నారు. ముందు కాకే లేచాడు. "నేను తాగుబోతును. తాగక పదేండ్లయింది" అన్నాడు. నా చెవులను నేనే నమ్మలేదు. నా వంతు వచ్చినప్పుడు నోరు పెగల్లేదు. "రైట్ రైట్" అన్నాడు మెల్లగా. మాట రాలేదు గానీ ఏడుపొచ్చింది. ఎవరూ నన్ను ఊరుకోమనలేదు. అందుకు వాళ్ళకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

బయటికొచ్చాక, "బండేది?" అని అడిగాడు. చెప్పాను. పకపకా నవ్వాడు. "నువ్వు తాగి పడ్డప్పుడు బజారంత చూసింది. గప్పుడు లేని సిగ్గు మానెతందుకు వస్తె ఎందుకు బిడ్డా?"

జన్మలో ముట్టనని ఒట్టేయబోతే ఒప్పుకునేవాడు కాదు. "ఈడ పాసులు లెవ్వు. ఏ రోజు టికెట్టు గా రోజే" అనేవాడు. ఇంకొక్క మాట గట్టిగా చెప్పేవాడు: ఈ గదిలో ఎవరిని చూశామో బయట ఎవరికీ చెప్పకూడదు.

ఆ మాటే కాక పోయిన మూడో రోజు నా గొంతుకు అడ్డం పడింది. ఆ రోజు పిట్టకు పెట్టాలి. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి కాకి ముట్టేదాకా చూస్తాం. ఇంట్లో అన్నీ గంపలో సర్దుతుంటే దుబ్బాక నుంచి వచ్చిన కాక తమ్ముడు జేబులోంచి క్వార్టర్ సీసా తీశాడు. "మా అన్నకు ఇది లేకుంటే ముద్ద దిగకపోయేది" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆయనకు గుర్తున్నది పాత అన్న. ఎంతో ప్రేమగానే తెచ్చాడు.

చిన్నమ్మ తల వంచుకుంది. వాకిలి నిండా చుట్టాలు, మా సందువాళ్ళు. మూత తీయకముందే ఆ వాసన నా ముక్కుకు తగిలినట్టయింది. భయమేసింది. కాక సంగతి నేను చెప్పకూడదు. నా సంగతి చెప్పుకోవచ్చు కదా.

"చిన్న కాకా, నేను తాగుబోతును" అన్నాను. వాకిలంతా నా వైపు తిరిగింది. "తాగక నాలుగేండ్లయింది. మాన్పిచ్చింది మీ అన్ననే. గా సీసా పెట్టకు."

ఆయన సీసా వంక, వదిన వంక చూశాడు. "మరి ఏం పెడ్దాం? పిట్ట ముట్టకుంటె?"

చిన్నమ్మ లేచింది. "చాయ్ పెడ్త" అంది.

"చక్కెర జర ఎక్కువెయ్యి చిన్నమ్మా" అన్నాను.

కాక కెటిల్‌లోనే శ్మశానానికి పట్టుకుపోయాం. విస్తరి పక్కన గ్లాసులో పోసి దూరంగా నిలబడ్డాం. చాలాసేపు ఏదీ రాలేదు. చివరికి ఒక కాకి దిగి, మాంసం ముక్క లాగుతూ గ్లాసును తన్నేసి ఎగిరిపోయింది. "ముట్టింది" అని అందరూ కదిలారు. నేను గ్లాసు తీసుకుందామని వంగాను. చాయ్ ఇంకిన తడి మట్టి చుట్టూ అప్పుడే చీమలు బారులు తీరుతున్నాయి.