మామ చెప్పిన సినిమాలు

మా మామ పోయాడని ఆదివారం పొద్దు గూకాక ఫోన్ వచ్చింది. చేసింది అత్త కాదు, సోలార్ పార్కు గేటు దగ్గర ఆయనతో పాటు కాపలా ఉండే గార్డు. "మేడం, రాయచెర్లు కాడ లారీ గుద్దినాది. పావగడ ఆసుపత్రికి తెచ్చేలోపే అయిపోయినాడు" అన్నాడు. నా ఇల్లు ఆ ఆసుపత్రి వెనక వీధిలోనే. అంతకు రెండు గంటల ముందు సినిమా హాలు దగ్గర మామను ఆటో ఎక్కించింది నేనే.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. ముప్పై ఏళ్లు గొర్రెలు కాశాడు. పొలాలు పార్కుకు లీజుకు పోయి మేత కరువయ్యాక మందను అమ్మేసి, ఆ పార్కు గేటు దగ్గరే గార్డుగా చేరాడు. బతుకంతా గొర్రెల వెంట తిరిగిన మనిషికి చివరికి దొరికిన పని, లోపలికి గొర్రెలు దూరకుండా చూడడం. ఆ మాట ఎవరో అనేలోపు తానే అని నవ్వేసేవాడు.

ఆయనకు సినిమాలు అలవాటైంది ఆ ఉద్యోగంతోనే. "గొర్లకు ఆదివారం లేదు పాపా, డ్యూటీకి ఉండాది" అనేవాడు. బడిపంతులమ్మను కాబట్టి నాకూ ఆదివారమే సెలవు. తెలుగో కన్నడమో, ఆ వారం పావగడలో ఏది ఆడితే దానికి మధ్యాహ్నం ఆటకు ఇద్దరం పోయేవాళ్లం. ఆయన ఏ హీరోకూ అభిమాని కాడు. వాళ్ల పేర్లు కూడా సరిగ్గా తెలియవు. పోలీసు సినిమా, సముద్రం దొంగల సినిమా, అమ్మవారి సినిమా, ఇలా ఉండేవి ఆయన గుర్తులు.

సోమవారం పొద్దున డ్యూటీ మారే వేళకు గేటు పక్క టీ అంగడిలో పది మంది ఆయన మాట కోసం కాచుకొని ఉండేవారు. ఆయన దగ్గర మూడే తీర్పులు. పోవచ్చు. పోగూడదు. ఇంట్లో పని లేకుంటే పోండి. ఊరంతా ఎగబడి చూసిన ఒక కొట్లాటల సినిమాను "పోగూడదు" అనేశాడు. ఎందుకప్పా అని కుర్రాళ్లు మీద పడితే, "మూడు గంటలు నరుక్కున్యారు. ఒక్కడన్నా ఒక ముద్ద తిన్యాడా? అన్నం తినని మనిషి కోపాన్ని నేను నమ్మను" అన్నాడు. ఇంకో సినిమాలో హీరో గొర్రెల కాపరి. జనం ఈలలు వేస్తుంటే మామ నా చెవి దగ్గర గొణిగాడు. "అవి అద్దెకు తెచ్చిన గొర్లు పాపా. వానివైతే వాని పక్క చూడవా?" అప్పటినుంచి సినిమాల్లో గొర్రెలు కనబడితే నేను కాపరిని వదిలేసి వాటి చూపులే చూస్తుంటాను.

పోయిన వానాకాలం నుంచి ఆయన అభిప్రాయాలు మారాయి. "ఆయమ్మ గొంతులో ఏడుపు ఉండాది, మాటలో లేదు" అనేవాడు. "ఆ ముసలాయన నడిస్తే చెప్పుల సప్పుడు ఒగ తీరుగ లేదు, కుంటోడుగా బాగా చేసినాడు" అనేవాడు. మా మామ పెద్ద విమర్శకుడైపోయాడని నేను మురిసిపోయి, బడిలో తోటి టీచర్లకు కూడా చెప్పుకున్నాను. పిల్లలు బోర్డు కనబడక కళ్లు చికిలిస్తే క్షణంలో కనిపెట్టే దాన్ని. పక్క సీట్లో మనిషిని చూసుకోలేకపోయాను.

ఒక ఆదివారం, సినిమాలో కొడుకు శవాన్ని తల్లి ముందుకు తెచ్చే ఘట్టం వచ్చింది. మాట లేదు, సంగీతం లేదు. ఆమె కొడుకు కాలి మట్టిని కొంగుతో తుడుస్తూ ఉంటుంది. హాలంతా ఊపిరి బిగబట్టింది. మామ మోచేత్తో నన్ను పొడిచి, "కరెంటు పాయనా పాపా?" అన్నాడు.

తెర వెలుతురు ఆయన ముఖం నిండా పడుతోంది. ఇంటర్వెల్‌లో బయటికి తీసుకుపోయి గట్టిగా అడిగితే చెప్పాడు. షుగరు కళ్లకు పాకిందట. నడుమ అంతా నల్లగా, పక్కల మసక మసకగా ఉంటుందట, హాలు చీకట్లో అదీ తెలియదట. గేటు దగ్గరికొచ్చే బండ్లను శబ్దంతోనే గుర్తుపడుతున్నాడు. రిజిస్టర్లో రాయడం ఎప్పుడూ రెండో గార్డు పనే కావడంతో ఎవరికీ అనుమానం రాలేదు.

"డాక్టరు కాడికి పోదాం మామా" అన్నాను.

"పోతే కాగితం రాస్తాడు. కాగితం వస్తే పని పాయ. నీ మరదలికి చదువు ఇంగొక్క ఏడు ఉండాది. అంతవరకు నోరు మూసుకో పాపా. మీ అత్తకు గుడ చెప్పొద్దు."

మామ కూతురు తుమకూరులో నర్సింగు చదువుతోంది. ఆ చదువు ఆగిపోతుందని ఆయన భయం. నేను నోరు మూసుకున్నాను. అంతటితో ఆగలేదు. ప్రతి ఆదివారం హాలు నుంచి ఆటో దాకా నడుస్తూ, ఎవరు ఏ రంగు చొక్కా వేశారో, కొట్లాట యాడ జరిగిందో, ఎవరు ఎలా చచ్చారో పాఠం చెప్పినట్టు చెప్పేదాన్ని. సోమవారం ఆయన వాటిని కలిపి టీ అంగడిలో తీర్పు ఇచ్చేవాడు. చివరి నాలుగు నెలల ఆయన మాటల్లో సగం నావే. ఒకసారి మాత్రం నేను బాగుందన్న సినిమాను "పోగూడదు" అన్నాడు. అందులో పెళ్లి భోజనం ఉంది కదా మామా అంటే, "ఒక్కడు నమిలిన సప్పుడు గుడ లేదు. ఉత్త ఆకులు పరిచినారు" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. అలా నవ్వుకుంటూ నెలలు గడిపేశాం. నన్ను నేను తిట్టుకోవడానికి ఆ నవ్వులు చాలు.

ఆ చివరి ఆదివారం, ప్రతి వారం ఎక్కే ఆటో రాలేదు. ఆ డ్రైవరుదీ మామ ఊరు రాయచెర్లే కాబట్టి బండిని ఊరి వైపు తిప్పి నిలిపేవాడు, మామ దిగితే ఇంటి దారే. వేరే ఆటో ఎక్కించాను. రోడ్డు దాటించి దింపప్పా అని డ్రైవరుకు ఒక్క మాట చెప్పాలని నోటి దాకా వచ్చింది. ఎందుకమ్మా అని అడుగుతాడు. అడిగితే నలుగురికి తెలుస్తుంది. ఊరకున్నాను. ఆటో ఆయన్ను రోడ్డుకు అవతలి పక్కన దింపి, మోత పెట్టుకుంటూ వెళ్లిపోయింది. లారీ డ్రైవరు పోలీసులతో ఏడ్చాడట, "నా పక్క చూసే అడుగేసినాడు సార్" అని.

దహనానికి వచ్చినవాళ్లంతా సినిమా ధ్యాసలో పడి చూసుకోలేదన్నారు. సినిమాల పిచ్చే తీసుకుపోయిందని అత్త తల బాదుకుంది. ఆ మాట అబద్ధమని తెలిసిన దాన్ని నేనొక్కదాన్నే. పదకొండో రోజు దాకా మోసి, ఇక మోయలేక, మరదలిని పక్కకు పిలిచి అంతా చెప్పాను.

ఆమె, "దానికి కంట్లో వేసే సూదులుంటాయి వదినా. ముందే తెచ్చింటే ఉన్న చూపన్నా నిలబెట్టేవాళ్లు. మా వార్డులోనే వేస్తారు. నాయన వయసోళ్లను చెయ్యి పట్టుకొని లోపలికి నడిపించేది నేనే" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది. కాసేపటికి, "నాయన కడాన చూసిన సినిమా ఇంగా ఆడుతాండాదా?" అని అడిగింది.

మరునాడు మధ్యాహ్నం ఆటకు పోయాం. కర్మ ముగిసిన మరునాడే సినిమా ఏందని ఊళ్లో అన్నారు, అననీ. లైట్లు ఆరి బొమ్మ పడగానే ఆమె కళ్లు మూసుకుంది. ఏడుస్తోందనుకున్నాను. చెంపలు పొడిగా ఉన్నాయి. మెడ కొంచెం వంచి, తెర ఏ పక్కనుంచి మాట వస్తే ఆ పక్కకు చెవి పెట్టి వింటోంది. నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. పాట వచ్చినా, కొట్లాట వచ్చినా, చుట్టూ జనం నవ్వినా ఆ రెప్పలు కదలలేదు. ఇంటర్వెల్ పడి హాలంతా లైట్లు వెలిగాయి. అందరూ లేచారు. ఆమె కళ్లు తెరవలేదు.