తోడుకి మిగల్చని పెరుగు

యాంటీబయాటిక్స్ వాడి నా కడుపు పాడైతే, నిన్న వన్ టౌన్‌లో డాక్టరుగారు ప్రోబయాటిక్ క్యాప్సూల్స్ రాశారు. "మంచి బాక్టీరియా అండీ, పెరుగులో ఉండేలాంటివే. వాటికీ మేత కావాలి కదా, రోజూ ఒక అరటిపండు తినండి" అన్నారు.

తొంభైల్లో భవానీపురంలోని మా వంటిల్లు కళ్లముందుకొచ్చింది. పెరుగన్నంలో అమ్మ చక్కెరకేళి చిదిమి కలిపేది. నేను గిన్నె గీకుతుంటే ఆవిడ అనే మాట మీ ఇళ్లలోనూ వినే ఉంటారు: "అంతా ఊడ్చెయ్యకే, తోడుకి కాస్త ఉంచు."

ఆ తోడు అమ్మ పెళ్లయి వస్తూ బందరు నుంచి స్టీలు డబ్బాలో తెచ్చుకున్నది. అప్పట్నుంచీ ఏ రోజుకారోజు పెరుగు చెంచాడు మర్నాటి పాలలో కలుస్తూనే వచ్చింది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒక సాయంత్రం అమ్మ పాలు తోడుపెట్టి ఆసుపత్రికి వెళ్లింది. మళ్లీ రాలేదు. మర్నాడు మైల అని మేనత్త వంటింట్లోవన్నీ పారబోస్తుంటే, నేను పెరుగు గిన్నె లాక్కుని పెరట్లోకి పరిగెత్తాను.

"అది అమ్మ తోడుపెట్టింది, పారబొయ్యద్దత్తా!" అని ఏడుస్తూ మొత్తం తినేశాను. గిన్నె అడుగు కూడా నాకేశాను.

కాస్త ఉంచవే అనడానికి ఆ రోజు అమ్మ లేదు.