జ్వరం ఎన్నో రోజు?

ఆసుపత్రి ల్యాబులో ఎలుక జ్వరం పరీక్షలు చేసే ఆవిడను అందరూ ఎలుకలమ్మ అంటారు. ఇరవై ఏళ్ళుగా ఆవిడది ఒకటే పోరు. రక్తంతో పాటు వచ్చే కాగితంలో "జ్వరం ఎన్నో రోజు?" అని ఒక గడి ఉంటుంది. పేరుకు బదులు రోగి నంబరు రాస్తారు, వయసు రాస్తారు, తీరిక ఉంటే టీ మరక కూడా అంటిస్తారు. ఆ గడి మాత్రం ఒక్కరూ నింపి చావరు.

"ఈ పట్టీ పరీక్షకు క్రిమి కనబడదు బాబూ. దాని మీద ఒళ్ళు తయారుచేసుకునే యాంటీబాడీలే కనబడతాయి. అవి పుట్టడానికి వారం పడుతుంది. మూడో రోజే రక్తం పంపితే జబ్బున్నా నెగెటివే వస్తుంది!" అని ఎన్నిసార్లు మొత్తుకుందో లెక్కలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. క్రిమిని పెంచి చూడాల్సిన రక్తాన్ని ఫ్రిజ్‌లో పెట్టొద్దని రాసి గోడకు అంటించింది. పాడైపోతుందేమోనని నర్సులు శ్రద్ధగా ఫ్రిజ్‌లోనే పెట్టి, క్రిమిని చంపి మరీ పంపేవారు. పది రోజులాగి రెండోసారి రక్తం ఇవ్వమంటే, తగ్గినవాడు రాడు, పోయినవాడు రాలేడు.

ఆ వానాకాలం ఒక మంగళవారం నలభై రక్తపు గొట్టాలొచ్చాయి. ముప్పై ఒక్క కాగితాల్లో గడి ఖాళీ. మామూలుగా అయితే వార్డులకు ఫోన్ చేసి చివాట్లు పెట్టేది. ఆ రోజు విసుగు నెత్తికెక్కింది. "మీ ఖర్మ" అనుకుని, పట్టీలో గీత రాని ప్రతి కాగితం మీదా నెగెటివ్ అని రాసి వరసగా సంతకాలు గీకేసింది.

గురువారం తోడికోడలు ఫోన్ చేసి ఏడ్చింది. మురుగు కాలువలు శుభ్రం చేసే మరిదికి కళ్ళు పచ్చబడ్డాయట, మూత్రం ఆగిపోయిందట. ఇప్పుడే వార్డులో చేర్చారట.

"మంగళవారమే మీ ఆసుపత్రికొచ్చి రక్తమిచ్చి వెళ్ళాడక్కా. నీకెందుకు శ్రమ అని చెప్పలేదు."

ఎలుకలమ్మ వార్డుకు పరుగెత్తి, మంగళవారం మరిదిని చూసిన కుర్ర డాక్టరు మీద విరుచుకుపడింది.

"పిక్కల నొప్పి, ఎర్ర కళ్ళు, పైగా ఎలుకలు తిరిగే కాలువల్లో పని! ఇంకేం కావాలయ్యా? ఆ రోజే మందు ఎందుకు మొదలుపెట్టలేదు?"

అతను ఏదో చెప్పబోయి, కాగితం ఆవిడ చేతిలో పెట్టాడు. గడి ఖాళీ. పక్కన నెగెటివ్. కింద ఆవిడ సంతకం.

ఇంజెక్షన్లు మొదలయ్యాయి. కిడ్నీలు మొరాయించి నాలుగుసార్లు డయాలసిస్ చేయాల్సి వచ్చింది. పది రోజులాగి రెండో రక్తం ఆవిడే తీసింది. అందులో పైకి తేరిన సీరాన్ని ఎనిమిది వందల రెట్లు పలచన చేసి, ల్యాబులో పెంచుతున్న బతికున్న క్రిములతో కలిపి మైక్రోస్కోపు కింద పెట్టింది. అయినా క్రిములు గుంపులు గుంపులుగా అతుక్కుపోయాయి. యాంటీబాడీలు దండిగా ఉంటేనే అవి అలా అతుక్కుంటాయి. ఎలుక జ్వరమే, అనుమానం లేదు.

మరిది లేచి కూర్చునే నాటికి కూడా ఆవిడ డాక్టర్ని తిట్టడం మానలేదు. తిట్టకపోతే తన సంతకం గుర్తొస్తోంది.

"అతన్నేమీ అనకు వదినా" అన్నాడు మరిది. "రిపోర్టు ఎలా ఉన్నా మందు వేసుకోమని ఆయన బతిమాలాడు. నేనే వద్దన్నాను. కింద నీ సంతకం చూశాను కదా."