ఉడికిన రొయ్య రంగు కారుకి మిరపపండు అంచు

మా చిన్నప్పుడు... మా కారు ఏ రంగు అని ఎవరైనా అడిగితే, ఏ వైపు అని తిరిగి అడగాల్సి వచ్చేది. మొదట కొన్నవాళ్ళకి అది ఎర్ర కారే. మా చేతికి వచ్చేసరికి ఒళ్ళంతా వెలిసిపోయి ఉడికిన రొయ్య రంగుకి వచ్చింది. బోనెట్ మీద పెయింటు పొరలు పొరలుగా లేచి ఉండేది. బడి లేని రోజు ఆ పొరలు గిల్లడమే నా పని... నాన్న చూస్తే వీపు విమానం మోతే!

మాది పెడన. నాన్న మగ్గం మీద చీరలు నేసేవారు. అమ్మ పెరట్లో గంగాళాల్లో నూలుకి రంగులు అద్దేది. బస్సు టాపు మీద వేస్తే చీరల మూటలు వానకి తడుస్తున్నాయని, ఉన్నదంతా ఊడ్చి ఆ పాత కారు కొన్నారు. నెలకోసారి ఉయ్యూరు, కంకిపాడు దాటి, బెంజ్ సర్కిల్ మీదుగా విజయవాడ వన్ టౌన్‌లోని హోల్‌సేల్ కొట్టుకి ప్రయాణం.

ఒకసారి నాన్న తిరిగొచ్చి అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతున్నారు. అమ్మ గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పారు. షావుకారు కొట్టు మెట్ల మీద నిలబడి కారుని ఎగాదిగా చూసి, "ఇంట్లో ఇబ్బందిగా ఉన్నట్టుందే... ఈ రేటుకి ఇచ్చేసి వెళ్ళండి, మళ్ళీ మోసుకుపోతారా ఏంటి" అని ధర తెగ్గోశాడట. నాన్న ఆ ధరకే ఇచ్చేసి వచ్చారు.

"చీర చూసి ధర కట్టాడా, కారు చూసి కట్టాడా?" అంది అమ్మ.

"కారు చూసే కట్టాడే."

"అయితే ముందు కారు సంగతి చూద్దాం పదండి."

రంగు వేయడానికి ఎంతవుతుందని ఆటోనగర్ షెడ్లలో అడిగితే, వాళ్ళు చెప్పిన డబ్బుకి ఇంకో పాత కారు వచ్చేలా ఉంది. "నూలుకి ఇన్ని రంగులేశాను, రేకుకి వెయ్యలేనా" అని అమ్మే రంగంలోకి దిగింది. రంగు డబ్బా కొనడానికి వెళ్ళి ఎవరైనా కారు పేరు చెబుతారు. మా అమ్మ మాత్రం ఒక చిలప నూలుకి అచ్చం మా కారు రంగే అద్ది, పొద్దుటి ఎండలో తలుపు పక్కన పెట్టి సరిచూసి, ఆ నూలు పట్టుకుని పెయింట్ల కొట్టుకి వెళ్ళింది. కొట్టతను కంపెనీ రంగుల కార్డు తీస్తే పక్కకి నెట్టేసింది.

"అది కారు పుట్టినప్పటి రంగండీ. నాకు ఇవాళ్టి రంగు కావాలి."

అక్కడిదాకా బాగానే ఉంది... కానీ తడి నూలు ముదురుగా ఉండి, ఆరాక లేతబడుతుంది కదా. పెయింటూ అంతేననుకుని, ఆ డబ్బాలో రంగు ఇంకాస్త ముదురుగా కలిపించింది. గరుకు కాగితంతో తుప్పంతా రుద్ది, ప్రైమర్ పూసి, తలుపుల కింద పెచ్చులూడిన చోటల్లా బ్రష్షుతో వేశాం. తెల్లారి చూస్తే... లేతబడటం మాట దేవుడెరుగు, ఇంకా ముదిరి మిరపపండు రంగులో కూర్చుంది.

నాన్న తల పట్టుకున్నారు. "ఇదేంటే, బొంతలా ఉంది! దీంట్లో వెళ్తే వాడు ఈసారి చీరలు ఊరికే ఇమ్మంటాడు."

అమ్మ కారు చుట్టూ రెండుసార్లు తిరిగింది. "అంచు వేసేద్దాం" అంది. పొడవాటి మగ్గం దారానికి ముగ్గుపిండి పట్టించింది. నాన్న ఒక కొస, నేనొక కొస లాగి పట్టుకుంటే, మధ్యలో పట్టి టప్పున వదిలింది. కారు ఈ చివర నుంచి ఆ చివర దాకా తిన్నగా గీత పడింది. గీత కిందంతా ముదురెరుపు అంచు. బోనెట్ మొత్తం అదే రంగుతో కొంగు. మిగతా ఒళ్ళంతా ఎలా ఉన్నది అలాగే వదిలేసింది.

మరుసటి నెల అమ్మా వచ్చింది, నన్నూ తీసుకొచ్చారు. షావుకారు మెట్లు దిగి వచ్చి మరీ చూశాడు.

"ఏంటమ్మా, కారుకి కూడా చీర కట్టారా!"

కొట్టులో అందరూ పగలబడి నవ్వారు. నాకు సీటు కిందకి దూరిపోవాలనిపించింది.

"కట్టామండీ," అంది అమ్మ. "దీనికి రంగేసింది నేనే, చీరలకి రంగేసిందీ నేనే. ముందు చీర చూసి ధర చెప్పండి. కారు తర్వాత చూద్దురుగాని."

ఆయన మూట విప్పనైనా విప్పకుండా మళ్ళీ ఆ తెగ్గోసిన ధరే చెప్పాడు. అమ్మ మూట తీసి నాన్న చేతికిచ్చింది. నాన్న గొంతు తగ్గించి, "ఇచ్చేద్దామే... ఇంట్లో బియ్యం కూడా..." అని నసిగారు.

"బియ్యం సంగతి నేను చూసుకుంటాను. మీరు కారెక్కండి."

మూడు కొట్లు తిప్పి పంపాయి. నాలుగో కొట్టులో సోడాబుడ్డి కళ్ళద్దాల పెద్దాయన చీర గుమ్మంలోకి తెచ్చి, వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశాడు. సరైన ధరే ఇచ్చాడు, కానీ సగం చీరలే తీసుకున్నాడు. మిగతా సగం మాతోపాటే ఇంటికొచ్చాయి. ఆ నెలంతా పచ్చడి మెతుకులే తిన్నాం. అయినా ఆ రోజు దారిలో అమ్మ కారు ఆపించి వేడి వేడి పునుగులు కొనిపెట్టింది... మా అమ్మని చూస్తే నాకెంత గర్వంగా అనిపించిందో! షావుకారు తర్వాత రెండుసార్లు కబురు పెట్టినా మేం మళ్ళీ ఆ మెట్లెక్కలేదు.

ఇప్పుడు నేను విజయవాడలోనే ఉంటున్నాను. ఏళ్ళ తరబడి ఎండలో నిలబడి నా కారు బోనెట్ కూడా పొరలు లేచింది. పిల్లల ఫీజులు కట్టే నెలలో పెయింటింగ్ ఎక్కడ పెట్టుకుంటాం? మొన్న అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో మెసేజ్ పెట్టారు... "ఆ కారు వెనక వైపు పెట్టుకుంటే బాగుంటుంది, ముందు చూడటానికి బాలేదు" అని. దాని కింద వరసగా బొటనవేళ్ళు. లిఫ్టులో ఎదురైతే మాత్రం అందరూ "బాగున్నారా మేడమ్" అంటారు.

ఆ రోజుల్లో కనీసం మొహం మీదే అనేవాళ్ళు... మొహం మీదే సమాధానం చెప్పే వీలుండేది.

నా కారు ముందు వైపే ఉంది. ముందే ఉంటుంది.

బండిని చూసి మిమ్మల్ని తక్కువ చేసినవాళ్ళు మీకూ తగిలే ఉంటారు. అప్పుడు మీ ఇంట్లో ఎవరు, ఏమన్నారో కింద రాయండి... అన్నీ తీసుకెళ్ళి ఆ గ్రూపులో పెడతాను.